నాకు నేను పెట్టుకున్న అర్జీ

చౌడమ్మవ్వ అమ్ముతానన్న నేల తొమ్మిది సెంట్లు. అందులో ఏడు సెంట్లు రాళ్ళు. మిగిలిన రెండు సెంట్లూ రాళ్ళే, కాకపోతే చిన్నవి. ఆమె పెళ్ళై ఊళ్ళోకి వచ్చిన నాటినుంచి అందులో ఏమీ పండలేదు. ఒక ఏడాది ఆముదాలు వేసి చూశారట. మొక్కలు వచ్చినట్టే వచ్చి, చుట్టూ ఒకసారి చూసుకుని, ఆగిపోయాయట. అందుకే చవగ్గా ఇస్తానంది. నాకు పంట అక్కరలేదు. గొర్రెలు పడుకోవడానికి చోటు కావాలి.

నాకు నలభై మూడు గొర్రెలు. ఇన్నేళ్ళూ బడి వెనక ఖాళీలో ముల్లుకంప దొడ్డి కట్టి అందులో పెట్టుకున్నాను. ఇప్పుడు బడికి ప్రహరీ గోడ వస్తోంది. పంచాయతీ కార్యదర్శి నోటీసు ఇచ్చాడు. జూన్ పన్నెండున బడి తెరుస్తారు, ఆలోగా దొడ్డి తీసేయాలి, తీయకపోతే గొర్రెల్ని మండలంలో బందెలదొడ్డికి తోలిస్తామన్నాడు. ఆ బందెలదొడ్డి నేను చూశాను. పైన కప్పు లేదు, తొట్టిలో నీళ్ళు లేవు. తలుపుకు గొళ్ళెం మాత్రం గట్టిది. వానలు మొదలయ్యే రోజుల్లో మూడు దినాలు అక్కడుంటే పెద్దవి ఎట్లో బతుకుతాయి. పిల్లలు బతకవు. నా మందలో పిల్లలు పదకొండు.

"కంప ఇప్పుడే వేసుకుంటానవ్వా, కాయితం నిదానంగా రాసుకుందాం" అన్నాను.

"మీ తాతా అట్లనే అన్నెరా బీరలింగా" అంది చౌడమ్మవ్వ. "నోటిమాట మీద కళ్ళానికి చోటిస్తే, చోటుతో పాటు చింతచెట్టూ పోయె. రిజిస్టరు కాందే నా నేలలో ఒక్క ముల్లు పడినా నీ కాళ్ళిరగ్గొడతా."

అప్పటికి నెలన్నర గడువుంది. చాలుననుకున్నాను.

రిజిస్ట్రేషను ఆఫీసు ఆవరణలో వేపచెట్టు కింద ఎప్పుడూ దస్తావేజు లేఖరుల బల్లలుండేవి. నేను పోయిన రోజు బల్లలు లేవు. బల్లకాళ్ళు దిగిన గుంటలున్నాయి. గోడ మీద కొత్త బోర్డు ఉంది. "స్వయం దస్తావేజు పథకం. మీ దస్తావేజు మీరే. మధ్య మనిషికి ప్రవేశం లేదు." పక్కన ఒక రైతు బొమ్మ. కలం పట్టుకుని నవ్వుతున్నాడు. కలానికి మూత తీయలేదు.

గేటు బయట కల్వర్టు మీద గుండూరావు కూర్చుని ఉన్నాడు. మా నాయన కాలం నుంచి మా ఊరివాళ్ళ దస్తావేజులన్నీ రాసిన మనిషి.

"ఏమప్పా, రాయించుకోవడానికొచ్చినావా?" అన్నాడు.

"అవును స్వామీ."

"నేను రాయకూడదు. ఆవరణలో చెప్పనూ కూడదు. నోరు విప్పితే మధ్యవర్తిత్వం కింద కేసంట." చేతులు రెండూ చూసుకున్నాడు. "అయితే ఆ కిటికీ ఉందే, దాని బయట నిలబడి దగ్గొచ్చు. దగ్గుకు ఇంకా ఉత్తర్వు రాలేదు. ఒక దగ్గు దగ్గితే మాట తప్పని అర్థం. రెండు దగ్గితే వాక్యం తప్పు. మూడు దగ్గితే చించేసి మళ్ళీ మొదలుపెట్టు."

లోపల సబ్ రిజిస్ట్రారు శశిభూషణ్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నా కోసం ఆఫీసులో ఒకరు లేవడం అదే మొదలు. భయమేసింది.

"దయచేయండి. తమరు ఇకమీదట అర్జీదారు కారు, స్వయం సాధికార పౌరులు. తమకూ తమ దస్తావేజుకూ నడుమ ఏ మనిషీ ఉండరాదన్నది ప్రభుత్వ సంకల్పం. ఆ మనిషి ప్రైవేటువాడా, ప్రభుత్వోద్యోగా అనే వివక్ష ఉత్తర్వులో చూపలేదు. కావున మేము సైతం తమ కాగితమును ముట్టరాదు."

"మరి తమరేం చేస్తారు సార్?"

"తమయందు విశ్వాసం ఉంచుతాము."

పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఉంచుతారట. మధ్యలో భోజనానికి ఒక గంట ఉంచరు.

కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నాది ఐదో తరగతి. రాత గుండ్రంగానే ఉంటుంది. హద్దుల దగ్గర ఆగిపోయాను. చూసింది చూసినట్టు రాయాలి కదా అని ఇట్లా రాశాను: తూర్పున నాగిరెడ్డి కంది చేను, ఆయన ఏడాదికి జానెడు గట్టును ఇటు జరుపుతాడు. కిటికీ బయట రెండు దగ్గులు. దక్షిణాన బండ్ల బాట, ఇప్పుడు బండి పట్టదు. ఒక దగ్గు. ఉత్తరాన చౌడమ్మ మిగుల్చుకున్న నేల, అదీ రాళ్ళే. ఇంకో దగ్గు. పడమర పెద్ద రాతిగుండు, దాని మీద మధ్యాహ్నం పూట ఉడుము కూర్చుంటుంది. మూడు దగ్గులు. చించేశాను.

నాలుగు కాగితాలు చించాక ఐదోది కుదిరింది. ఈ నేలను నా పుత్ర పౌత్ర పారంపర్యంగా సుఖాన అనుభవించేటట్టు చౌడమ్మ నాకిచ్చినట్టుగా రాశాను. నాకు పుత్రులు లేరు, కూతుళ్ళిద్దరు. కిటికీ బయట చప్పుడు లేదు. పుత్రుల్నే ఉంచాను. అప్పటికి రెండు రోజులు పట్టింది. గుండూరావు గొంతు పోయింది.

కాగితం తీసుకునే కౌంటరులో జలజాక్షి మేడం ఉంది. నన్ను చూడగానే కుర్చీ ఖాళీ చేసింది.

"రండి, కూర్చోండి."

"పర్లేదు మేడం, నిలబడతా."

"మీ మర్యాద కోసం కాదండీ. మీ అర్జీ మీరు తీసుకోవాలి కదా."

కాగితం బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి లోపలికి పోయేసరికి ఫ్యాను గాలికి అది కింద పడింది. మేడం మూలనున్న కెమెరా చూపించింది. "ఇచ్చినట్టు అందులో పడలేదు. చేతి నుంచి చేతికి ఇవ్వాలి. మళ్ళీ బయటికి పొండి."

కౌంటరు అద్దానికి రెండు కంతలున్నాయి. ఒక కంతలో కుడిచెయ్యి, ఇంకో కంతలో ఎడమచెయ్యి పెట్టి, లోపల కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకున్నాను.

"ఎడమచేత్తో తీసుకున్నారు. అర్జీదారుకు అది అవమానం" అంది మేడం.

"నాకేం అవమానం కాలేదు మేడం."

"మీరు అధికారి వైపునుంచి మాట్లాడుతున్నారు. ఒకసారి అర్జీదారు వైపునుంచి ఆలోచించండి."

ఆలోచించాను. నిజమే, కొంచెం అనిపించింది. చేతులు మార్చి మళ్ళీ ఇచ్చుకున్నాను.

లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాక, ఇప్పుడు అభ్యంతరం రాయమంది మేడం. తప్పులేం కనపడలేదన్నాను. అభ్యంతరం లేని ఫైలంటే ఆడిట్ వాళ్ళకు అనుమానమంది.

ఆ కుర్చీలో ఏదో ఉంది. కూర్చున్న కాసేపటికి ఎదుటి మనిషి అబద్ధమాడుతున్నట్టు కనపడతాడు. నా ఎదుట అప్పుడు మనిషి లేడు. అయినా కనపడ్డాడు. కాగితం ఇంకోసారి చదివి, కింద రాశాను: "పడమర హద్దుగా చూపిన గుండు ఇకముందు కదలదనుటకు రుజువు జతపరచలేదు."

బయటికొచ్చి ఆ రాత చదివితే ఒళ్ళు మండింది. ఏం మనిషిరా వీడు, గుండు కదులుతుందా అనుకున్నాను. జవాబు రాశాను: "సదరు గుండు మా తాత నాటినుంచి అక్కడే ఉన్నది." లోపలికి పోయి జవాబు చదివాను. సరిగ్గా ఉన్నట్టు తోచలేదు. తాత ఎవరు, ఎప్పటివాడు, ఆధారమేది? గడియారం చూస్తే ఐదు కావస్తోంది. "రేపు రాపో" అన్నాను. ఎవరితో అన్నానో తెలిసి, లేచి ఇంటికి పోయాను.

తాత ఎప్పటివాడో రుజువు తేవడానికి పన్నెండు రోజులు పట్టింది. తెచ్చాక, అందులో ముద్ర సరిగా పడలేదని మళ్ళీ పంపాను. తప్పు నాది కాదు. ముద్ర నిజంగానే సరిగా పడలేదు.

చౌడమ్మవ్వ మా ఇంటికొచ్చింది. "ఎంతవరకు వచ్చెరా?"

"ఇంకా ఒప్పుకోలేదవ్వా."

"ఎవురు?"

"నేనే."

అవ్వ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "ఎండకు తిరగొద్దురా" అని చెప్పి పోయింది.

గుండు సంగతి తేలేసరికి మే నెల చివరికొచ్చింది. తరవాత స్థల తనిఖీ. శశిభూషణ్ గారు నియమం చదివి వినిపించారు. తనిఖీ అధికారి రాక అర్జీదారుకు ముందుగా తెలియరాదు. తెలిస్తే అర్జీదారు స్థలాన్ని తనకు అనుకూలంగా సర్దుకునే ప్రమాదముంది.

"రెండు పక్కలా నేనే కదా సార్. నాకు తెలీకుండా నేనెట్ల పోవాలి?"

"అది తమ చిత్తశుద్ధికి సంబంధించిన విషయం" అన్నారాయన.

సోమవారం పోకూడదనుకున్నాను, పోలేదు. మంగళవారం ఆ సంగతే తలచుకోలేదు. బుధవారం గొర్రెల్ని కుంటకు తోలుతూ, ఉన్నట్టుండి దారి మళ్ళించి ఆ రాళ్ళ నేలకు పోయాను. నాకే ఆశ్చర్యమేసింది. అక్కడ చౌడమ్మవ్వ పుల్లలేరుకుంటోంది.

"గొర్రెల్ని ఇటు తోలొద్దని చెప్పలేదా?"

"మేపడానికి రాలేదవ్వా. తనిఖీకొచ్చినా."

"ఎవురి తనిఖీ?"

"బీరలింగప్ప కొంటాండే నేలది."

అవ్వ నడుం నిలబెట్టి నాలుగు దిక్కులా చూసింది. "వాడేడీ మరి?"

నాకూ ఆ ప్రశ్నే వచ్చింది. తనిఖీ ఫారంలో ఒక గడి ఉంది: తనిఖీ సమయమున అర్జీదారు హాజరు, ఉన్నాడు లేక లేడు. నేను వచ్చింది అధికారిగా. అర్జీదారుగా వచ్చి ఉంటే తనిఖీ సంగతి ముందే తెలిసినట్టవుతుంది. చాలాసేపు గుండు నీడలో కూర్చుని ఆలోచించి, "లేడు" అని రాశాను.

ఫారం చూసి జలజాక్షి మేడం మెచ్చుకుంది. "ఎంత నిష్పక్షపాతంగా రాశారండీ. మా వాళ్ళైతే ముఖం చూసి ఉన్నాడని రాసేవాళ్ళు." ఆ తరవాత, గైరుహాజరైన అర్జీదారుకు సంజాయిషీ నోటీసు ఇప్పించింది. జవాబుకు ఏడు రోజుల గడువు. జవాబు ఆ రోజే రాసిస్తానన్నాను. గడువు ఏడు రోజులని ఉంటే ఏడు రోజులూ గడవాలంది. నోటీసు కింద ఇచ్చినవాడి సంతకం నేను పెట్టాను, పుచ్చుకున్నవాడి సంతకమూ నేనే పెట్టాను. రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయని మేడం కాసేపు అనుమానపడింది.

ఇంటికొచ్చి దొడ్డి దగ్గర నిలబడ్డాను. బడి గోడ మూడు వరసలు లేచింది. కూలీలు ఇసక నా కంప మీదికే పోస్తున్నారు. ఒక పిల్లకు కాలు మీద ఇటుక పడి కుంటుతోంది. కార్యదర్శి అటుగా పోతూ, "పన్నెండో తేదీ, గుర్తుందా బీరలింగప్పా? నాకేం నీ మీద కోపం లేదు. నోటీసంటే నోటీసే" అన్నాడు. నోటీసు సంగతి నాకు తెలుసు. నేనూ ఇస్తూనే ఉన్నాను.

జూన్ పదకొండున ఫైలు సబ్ రిజిస్ట్రారు బల్ల దాకా చేరింది. చౌడమ్మవ్వ పెట్టెలోంచి తీసిన నేతచీర కట్టుకుని వచ్చింది. మడతల దగ్గర చీర రంగు వేరేగా ఉంది. ఇద్దరు సాక్షులూ వచ్చారు. శశిభూషణ్ గారు తువ్వాలు పరిచిన పెద్ద కుర్చీని నాకు అప్పగించి పక్కన నిలబడ్డారు. నేను కూర్చుని, కలం మూత తీసి, సంతకం పెట్టబోయాను.

"ఆగండి. ఒక చిన్న చిక్కు" అన్నారాయన. "క్రయవిక్రయాల్లో పక్షంగా ఉన్న వ్యక్తి తన దస్తావేజును తానే రిజిస్టరు చేయరాదు. ప్రవర్తనా నియమావళి."

"నెలన్నర నుంచి అన్నీ నేనే చేసినా కదా సార్?"

"అవన్నీ చేయవచ్చును. ఇది మాత్రం చేయరాదు."

"లేయిరా, నేను కూచుంటా" అంది చౌడమ్మవ్వ. నన్ను లేపి పెద్ద కుర్చీలో కూర్చుంది. కాళ్ళు కింద అందలేదు. బల్ల మీది గంట ఒకసారి కొట్టి చూసింది. "ఏమడగాలో చెప్పు నాయనా."

ఆయన చెప్పారు. అవ్వ గొంతు సవరించుకుని, ఎదురుగా ఖాళీగా ఉన్న చోటును గట్టిగా అడిగింది.

"ఏమే చౌడమ్మా, ఇష్టపడే అమ్ముతాండావా?"

కుర్చీ దిగి, చుట్టూ తిరిగి, ఎదుటికొచ్చి నిలబడింది. "ఇష్టం లేకుంటే ఈ ఎండలో ఇంత దూరం యాలొస్తానే?"

మళ్ళీ పోయి కూర్చుంది. "ఎవురైనా బెదిరించినారా?"

మళ్ళీ దిగొచ్చింది. "నన్నా? నన్ను బెదిరించే మగోడు ఊర్లో ఉండాడా? ఉంటే పేరు చెప్పు."

ఆఫీసంతా పనులాపి వింది. శశిభూషణ్ గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత సమగ్రమైన విచారణ చూడలేదమ్మా. కానీ తమరూ పక్షమే."

అవ్వ బల్ల మీద చెయ్యి చరిచింది. "అయితే నువ్వు పెట్టు నాయనా సంతకం! నీదేం పోతుంది?"

"మేము ముట్టరాదమ్మా."

"ముట్టరాదంటే మైలా?"

ఆయన మంచివాడు. మా ఇద్దరినీ చూసి, గోడ మీది క్యాలెండరు చూసి, ఒక మార్గం చెప్పారు. ఉద్యోగిగా ముట్టకూడదు గానీ, సెలవు పెడితే తానూ ఒక పౌరుడే. పౌరుడు ముట్టవచ్చు. అక్కడే మధ్యాహ్నం పూటకు సెలవు చీటీ రాసి జలజాక్షి మేడం చేతికిచ్చి, బాధ్యతలు ఒప్పగించి, కలం అందుకోబోయారు.

మేడం అడ్డం వచ్చింది. "సార్, సెలవులో ఉన్నారు కాబట్టి మీరు అధికారి కారు. అమ్మలేదు, కొనలేదు కాబట్టి పక్షమూ కారు."

"అవును."

"అంటే మధ్య మనిషి."

శశిభూషణ్ గారు "సరిగ్గా చెప్పారు" అని, కలం బల్ల మీద పెట్టి, గేటు దాటి బయటికి పోయారు. గుండూరావు కల్వర్టు మీద జరిగి ఆయనకు చోటిచ్చాడు.

"పై ఆఫీసుకు స్పష్టత కోరుతూ రాస్తాం" అంది మేడం నాతో. "జవాబొచ్చేదాకా ఫైలు ఈ బల్ల మీదే పెండింగు. పెండింగు ఫైలుకు బాధ్యుడు మీరు. కాబట్టి ఈ కుర్చీ, ఈ ఆవరణ అందాకా మీ అధీనం. తాళాలు తీసుకోండి."

తాళాల గుత్తి బరువుగా ఉంది.

పన్నెండో తేదీ పొద్దున్నే మబ్బు పట్టింది. కార్యదర్శి ఇద్దరు మనుషులతో, కర్రలతో దొడ్డి దగ్గరికొచ్చాడు. కంప తీసి, కుంటిపిల్లను భుజానేసుకుని, మందను రోడ్డు పట్టించాను. బందెలదొడ్డికి నేనే తోలుతున్నాననుకుని వాళ్ళు వెనకాలే నడిచారు. మండలంలో బందెలదొడ్డి ఎడమపక్క. రిజిస్ట్రేషను ఆఫీసు కుడిపక్క. నేను కుడిపక్కకు తిప్పి, నా దగ్గరున్న తాళంతో గేటు తీశాను. జలజాక్షి మేడం అప్పటికే గేటు దగ్గర తాళం కోసం కాచుకుని ఉంది. చుట్టూ గోడ, వేపచెట్టు, కొళాయి, పొడుగాటి వరండా. నలభై మూడూ లోపలికి పోయాయి. గేటు వేసే లోపల వాన మొదలైంది. పిల్లలు వరండా ఎక్కాయి.

"ఇది ప్రభుత్వ స్థలం!" కార్యదర్శి గొడుగు కింద నుంచి అరిచాడు. "ఇది ఆక్రమణ! మేడం, చర్య తీసుకోండి!"

"చర్య తీసుకోవాల్సింది ఈ ఆవరణ అధికారండీ" అంది జలజాక్షి మేడం.

"ఎవరాయన?"

అందరూ నా వైపు చూశారు. తల తుడుచుకుని, లోపలికి పోయి, పెద్ద కుర్చీలో కూర్చుని, అతని ఫిర్యాదు కుడిచేత్తో తీసుకున్నాను. విషయం తీవ్రంగా ఉంది. వెంటనే గొర్రెలు తొలగించాలని బీరలింగప్పకు నోటీసు రాశాను. ఇవతలికొచ్చి నోటీసు పుచ్చుకున్నాను. చదివితే మళ్ళీ ఒళ్ళు మండింది. జవాబు రాశాను: గొర్రెల కోసం నేల కొన్నాను, దస్తావేజు ఈ ఆఫీసులోనే పెండింగులో ఉంది, అది రిజిస్టరు కాగానే తోలుకుపోతాను. అవతలికి పోయి ఆ జవాబు చదివాను. ఈసారి అందులో తప్పేమీ కనపడలేదు. "గడువు మంజూరు చేయడమైనది" అని రాసి ముద్ర వేశాను. ముద్ర బాగా పడింది.

కార్యదర్శి ముద్ర చూశాడు. అతను ముద్రను గౌరవించే మనిషి. నమస్కారం పెట్టి పోయాడు.

శ్రావణంలో పై ఆఫీసు జవాబొచ్చింది. పథకం అద్భుతంగా నడుస్తోందని మెచ్చుకుని, ఇట్లాంటి కేసుల్లో స్వయం సాధికార పౌరుడు తన దస్తావేజును తానే రిజిస్టరు చేసుకోవచ్చని రాశారు. చౌడమ్మవ్వ ఆ కబురు విని మళ్ళీ నేతచీర కట్టుకుని వచ్చింది.

"పెట్టరా సంతకం. ఇంకేం అడ్డం లేదంట కదా."

కలం తీశాను. కిటికీలోంచి బయటికి చూశాను. గొర్రెలు వేపాకు మేస్తున్నాయి. పదకొండు పిల్లలూ కొళాయి చుట్టూ ఉన్నాయి. కాలు బాగైన పిల్ల వరండా మెట్లెక్కి దిగుతోంది. అవ్వ నేలలో కొళాయి లేదు, చెట్టు లేదు, కప్పు లేదు. ఫైలు ముందుకు లాక్కుని మొదటి పేజీ నుంచి నిదానంగా చదివాను.

"అవ్వా, దక్షిణపు హద్దులో బాట అని ఉంది. ఎంత వెడల్పో రాయలేదు. దీని మీద ఒక చిన్న అభ్యంతరం ఉంది."

అవ్వ నన్ను చూసింది. కిటికీలోంచి గొర్రెల్ని చూసింది. నా వెనక కుర్చీకి పరిచిన తువ్వాలును చూసింది.

"ఒరే బీరలింగా" అంది. "నీకు జీతం ఎప్పటినుంచి ఇస్తారంటరా?"